కర్పూరానికి కరిగిన బంగారు తీగలు

ముందే చెప్పేస్తున్నాను, నాకు కొంచెం అతి ఎక్కువ. మా వీధిలో నాలుగు చినుకులు పడితే నా నోట్లో కెలవరపల్లి డ్యాము గేట్లన్నీ ఎత్తేస్తారు. కాబట్టి ఈ కేకు సంగతిలో ఏ కొలత కనిపించినా సగానికి కోసుకుని చదవండి. మిగిలేది కూడా ఇద్దరికి సరిపోతుంది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్త రోజులు. హోసూరులో మా ఇంటి ముందుగదిలో నా భార్య కేకుల అంగడి పెట్టింది. ఆ కాలంలో కేకంటే గులాబీరంగు క్రీము పువ్వు, దాని నెత్తిన ఒక చెర్రీ. ఆ చెర్రీ కోసం అన్నదమ్ములు భాగపరిష్కారాలదాకా వెళ్ళేవారు. నా భార్యకు ఆ పువ్వంటే చిరాకు. పదిహేను రోజులు బెంగుళూరు బస్సులో వేలాడి కొత్త విద్య నేర్చుకొచ్చింది. అంగడి మాత్రం నత్తనడకన నడుస్తోంది. మా నాన్నకు ఆ ముందుగది మీద వేరే ఆలోచన ఉంది, టైర్ల వ్యాపారికి బాడుగకివ్వాలని.

“టైర్ల ఆయప్ప మళ్ళా వచ్చిపోయినాడు. గది ఎప్పుడిస్తావని అడగతా ఉండాడు” అన్నాడు ఒకరోజు, అన్నం కలుపుకుంటూ.

సరిగ్గా ఆ వారమే కృష్ణగిరి మామిడి మండీ యజమాని ఒకాయన తన కూతురి నిశ్చితార్థానికి కేకు చెప్పాడు. బాగుంటే పెళ్ళి కేకు కూడా మాకే అన్నాడు. నాన్న ఆ మాట పట్టుకున్నాడు.

“కృష్ణగిరిలో బాగుండాదంటే గది మీదే. లేదంటే తెల్లారేపాటికి ఈడ టైర్లు దిగతాయి.”

నా భార్య మరునాడే బస్సెక్కింది. బెంగుళూరు వెళ్ళి నాలుగు ట్రాన్స్‌ఫర్ షీట్లు తెచ్చింది. చూస్తే పలుచని ప్లాస్టిక్ కాగితం. దాని మీద కోకో వెన్నలో కలిపిన బంగారు రంగుతో తీగలు అచ్చువేసి ఉంటాయి. కరిగించిన చాక్లెట్ దాని మీద పూసి, సగం గట్టిపడగానే కేకు చుట్టూ పట్టీలా చుట్టాలి. పూర్తిగా గట్టిపడ్డాక ప్లాస్టిక్ ఒలిచేస్తే తీగలన్నీ చాక్లెట్ మీదికి వచ్చేస్తాయి. మొదటిసారి విన్నప్పుడు నేను రాత్రంతా నిద్రపోలేదు. అలా ఒలిస్తే బొమ్మ మారిపోయే పక్షంలో మా నాన్న ముఖానికి కూడా ఒక షీటు అంటించి చూడాలనిపించింది.

ఇక్కడ మా ఇంటి ఆచారం ఒకటి చెప్పాలి. కొత్త వస్తువు ఏది వచ్చినా కుంకుమ పెట్టి, కర్పూరహారతి ఇచ్చిన తర్వాతే వాడాలి. సైకిలు, మిక్సీ, టీవీ అన్నీ ఆ గండం దాటినవే. గ్యాసు సిలిండరుకు హారతి ఇచ్చి కూడా బతికి బట్టకట్టిన వంశం మాది.

ఆ శుక్రవారం నా భార్య పిండి కోసం బయటికి వెళ్ళింది. మా అమ్మ షీట్లను దేవుడి గూట్లో గోడకు ఆనించింది. బిళ్ళంత కర్పూరం ముట్టించి, బాగా దగ్గరగా, భక్తిగా మూడు చుట్లు తిప్పింది. రెండో చుట్టుకే తీగలు జారడం మొదలుపెట్టాయి. మూడో చుట్టుకు బంగారం గోడ మీద కావేరిలా పారింది. మూడు షీట్లు పోయాయి. నాలుగోది కవరులోంచి బయటికి రాకుండా మొండికేయడం వల్ల బతికింది.

నా భార్య వచ్చి చూసి, సంచి కిందపెట్టింది.

“నేనే ముట్టించినాను” అంది అమ్మ. “దీనికి సెగ పడదని ఎవురికి తెలుసునమ్మా?”

“వెన్న అత్తా అది.”

“వెన్నకు అంత సోకెందుకు?”

మిగిలినది ఒక్క షీటు. కేకుకు సరిగ్గా ఒక చుట్టు. తప్పితే మరొకటి లేదు, తెల్లారితే నిశ్చితార్థం, మళ్ళీ బెంగుళూరు వెళ్ళే వ్యవధీ లేదు. నా భార్య చాక్లెట్ పూస్తుంటే మా ఇంట్లో ఊపిరి పీల్చడానికి వంతులు వేసుకున్నాం. పట్టీ చక్కగా చుట్టుకుంది. కానీ హోసూరు చల్లదనం వేరు, మే నెల కృష్ణగిరి వేరు. ఇక్కడే ఒలిస్తే దారిలో కరిగిపోతుందని, ప్లాస్టిక్ అలాగే ఉంచి ఆడికి పోయాకే ఒలుద్దామంది.

వ్యానులో కేకు డబ్బా ఆమె ఒళ్ళో, ఐసు సంచి నా ఒళ్ళో. అమ్మ కూడా ఎక్కింది, ఎవరూ పిలవకుండానే. శూలగిరి దాటేసరికి సూర్యుడు వ్యాను పైకప్పు మీద కూర్చుని మాతోపాటే ప్రయాణం చేస్తున్నాడు.

మండీ యజమాని ఇంట్లో డబ్బా తెరిచి నా భార్య వేలితో తాకింది. చాక్లెట్ మెత్తబడింది. ఇప్పుడు ఒలిస్తే తీగలు ప్లాస్టిక్‌తోనే వచ్చేస్తాయి.

“ఒక పావుగంట ఫ్రిజ్‌లో పెట్టాల” అంది.

ఫ్రిజ్ తెరిస్తే మల్లెపూలు. పై అర నుంచి కింది అర దాకా మూరలు మూరలు చుట్టలు. కృష్ణగిరి జిల్లాలో ఆ రోజు ఒక్క ఆడమనిషి తలలోనూ పువ్వు మిగిలి ఉండదు. ఆ ఇంటావిడ అడ్డంగా నిలబడింది.

“ఈ ఎండకు బయట పెడితే వాడిపోవా? పెండ్లికొడుకోళ్ళు వచ్చే పొద్దాయ.”

మా అమ్మ ముందుకొచ్చింది.

“పూలు వాడితే మళ్ళా తెచ్చుకోవచ్చునమ్మా. ఇది కరిగితే నా కోడలి అంగడి పోతాది. గదిలో టైర్లు పెట్టాలని మా ఇంటాయన కాచుకోనుండాడు. మూడు షీట్లు నేనే కాల్చినాను. ఈ ఒక్కటే ఉండాది.”

ఇంటావిడ మా అమ్మను చూసింది, నా భార్యను చూసింది. “మీ ఇంట్లోనూ అంతేనా” అని, పూలచుట్టలు తీసి నా చేతుల్లో పెట్టడం మొదలుపెట్టింది. పావుగంట సేపు నేను గడ్డం దాకా మల్లెల్లో మునిగి నిలబడ్డాను. వచ్చినవాళ్ళు నన్నే పెళ్ళికొడుకనుకుని ఉంటారు, నా పొట్ట చూసేదాకా.

నా భార్య కొస పట్టుకుని మెల్లగా ఒలిచింది. ప్లాస్టిక్ వెనక్కి వస్తున్నకొద్దీ బంగారు తీగలు ఒక్కొక్కటే మిలమిలా బయటపడ్డాయి. మండీ యజమాని చెప్పులు వదిలేసి దగ్గరికొచ్చాడు. వెనకవైపు అరచేయంత మేర తీగలు రాలేదు. ఆ భాగం గోడవైపు తిప్పి, సాయంత్రమంతా నేను అక్కడే స్తంభంలా నిలబడ్డాను.

పెళ్ళి కేకు మాకే వచ్చింది. నాన్న టైర్ల ఆయప్పకు ఏం చెప్పాడో తెలియదు. ముందుగదికి రంగు వేయిస్తుంటే మాత్రం తనే నిచ్చెన పట్టుకున్నాడు.

ఇక నేను కల్పించినదేమిటో చెప్పాలి. మల్లెలు నిజం, ఫ్రిజ్‌లో ఒక్క అరకు మించకపోయినా. సూర్యుడి సంగతి మీకే తెలుసు. అబద్ధం ఒక్కటే: ఆ కర్పూరం ముట్టించింది మా అమ్మ కాదు. షీట్లు గూట్లో పెట్టిందీ, దగ్గరగా తిప్పిందీ నేనే. అమ్మ అప్పుడు వంటింట్లో ఉంది. నా భార్య సంచి కిందపెట్టిన చప్పుడు విని, చేయి తుడుచుకుంటూ వచ్చి, నా ముఖం చూసి, ఆ మాట అనేసింది. నేను ఊరుకున్నాను. కృష్ణగిరిలోనూ ఊరుకున్నాను, మల్లెల చాటున.

ఇది అచ్చయిన రోజు నా భార్య చదువుతుంది. ఆ పూటకు బేరిగైలో ఒక స్నేహితుడి టమాటా తోటలో నాకు చాలా ముఖ్యమైన పని ఉంది.