కోరస్ పాడే అక్క, సీతాఫలాల గంప

నా చిన్నప్పుడు నేను కృష్ణానగర్‌లో కేకేస్తే జూబ్లీహిల్స్ బంగళాల్లో కుక్కలు లేచి కూర్చుంటాయని మా నాయనమ్మ అందరికీ గొప్పగా చెప్పుకునేది. ఆమె షేక్‌పేట గుట్టల మీంచి సీతాఫలాలు తెచ్చి, గడ్డిలో మాగేసి, ఆ బంగళాల ముందు అమ్మేది. గంప ఆమె నెత్తిన, కేక నాది. "గట్లనే మొత్తుకో బిడ్డా, సిగ్గుపడితే పండ్లు గంపలనే మెత్తబడిపోతయ్" అనేది.

మా పక్క గదిలో ఒక అక్క కిరాయికి ఉండేది. గోదావరి వైపు నుంచి వచ్చింది. సినిమా పాటల్లో వెనక నలుగురైదుగురు కలిసి పాడతారు చూడండి, ఆ కోరస్‌లో పాడేది. సాయంత్రమైతే నేను ఆమె గడప మీద చేరి ఊళ్ళో కబుర్లన్నీ ఏకరువు పెట్టేదాన్ని. ఆమె బియ్యం ఏరుకుంటూ వినేది. ఒకసారి నీ గొంతు పాటలో ఎక్కడొస్తుందో చూపించమని అడిగాను.

"నా గొంతు విడిగా వినబడితే తప్పు పాడినట్టేనే. పక్కవాళ్ళని వింటూ అందులో కలిసిపోవాలి."

"మరి నువ్వు పాడినవని ఎవరికి తెలుస్తదక్కా?"

"తెలియకుండా పాడటమే కదే నా ఉద్యోగం!" అని నవ్వింది.

ఆ ఏడు ఎండాకాలం నుంచి అక్కకు రికార్డింగులకు పిలుపు రావడం ఆగిపోయింది. మళ్ళీ పిలవకపోతే గది ఖాళీ చేసి ఊరికి పోవాల్సిందే. ఆ సంగతి ఆమె నాకు చెప్పలేదు. ఇంటిపట్టునే ఉంటోంది, నాకు మంచి కాలక్షేపం అనుకున్నానే గానీ, ఎందుకుంటోందని నేనూ అడగలేదు.

బతుకమ్మ పండుగ అయిన వారానికి నాయనమ్మ మోకాలు వాచి మంచం దిగలేకపోయింది. పండ్లేమో అన్నీ ఒక్కసారే పండాయి. నేనెత్తుకొస్తాలెండి అని అక్కే గంప నెత్తిన పెట్టుకుంది. రెండిళ్ళు తిరిగాక ఒక బంగళా వరండాలో పెద్దావిడ కనిపించింది. "వద్దమ్మా" అంది మెల్లగా. నేను ఊరుకుంటానా! తేనె లెక్కుంటయమ్మా, రేపటికి దొరకయ్, ఒక్కటి రుచి చూడున్రి అని అందుకున్నాను. అక్క నా భుజం పట్టి ఆపింది. గంప దించి మెట్టు మీద ఊరికే కూర్చుంది. ఇదేం బేరం అని నాకు చిరాకేసింది.

కాసేపటికి ఆవిడే నోరు విప్పింది. వాళ్ళాయనకు సీతాఫలమంటే ప్రాణమట. గింజలన్నీ తీసి, గిన్నెలో గుజ్జు మాత్రం పెట్టి ఆవిడకు ఇచ్చేవాడట. ఆయన పోయి నెల కూడా కాలేదు. వీధిలో ఈ పండ్ల కేక వినబడగానే లోపలికి వెళ్ళి తలుపేసుకుంటోందట. "ఇవాళ ఈ పిల్ల గొంతు లోపలికి కూడా వచ్చేసింది. ఇంక ఎక్కడికి పోను, బయటికే వచ్చాను" అంది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

అక్క అయ్యో అనలేదు. "గింజలు ఏం చేసేవారండీ?" అని మాత్రం అడిగింది. ఆ కుండీలో పాతేవారు, ఒక్కటీ మొలవలేదు అని చూపించి ఆవిడ కళ్ళు తుడుచుకుంది. తర్వాత అక్కను పరీక్షగా చూసి, "నువ్వు పండ్లమ్మే మనిషివి కావు. ఏం చేస్తుంటావమ్మా?" అంది.

అక్క చెప్పింది. గొంతు జీరబోయిందని, నలుగురిలో కలవకుండా తనదొక్కటే బయటికి వినబడుతోందని, అందుకే పిలవడం మానేశారని, నెలాఖరుకు గది ఖాళీ చేస్తున్నానని. ఆవిడ ఒక్క మాటా అడ్డు వేయకుండా వింది. నేను అక్కడే నిలబడి ఉన్నాను. రోజూ ఆమె గడప మీద కూర్చున్నదాన్ని నేను. ఆమె చెప్పుకున్నది మాత్రం ముక్కూ మొహం తెలియని మనిషితో.

లేచి వస్తుంటే ఆవిడే పిలిచి, తన చేత్తో ఏరుకుని ఆరు పండ్లు తీసుకుంది. దారిలో అక్క నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది.

పెళ్ళయ్యాక నేను ఇల్లిల్లూ తిరిగి చీరలమ్మాను. మూట విప్పే ముందు ఊరికే కూర్చునేదాన్ని. ఏ రంగు వద్దో, ఏ ఇంట్లో ఆ రోజు మూట విప్పనే కూడదో ఆ కాసేపట్లో తెలిసిపోయేది. మార్కెటింగ్ ఉద్యోగం చేసే మా అమ్మాయి ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావమ్మా అంటుంది. పాట పాడే మనిషి దగ్గర అంటే నమ్మదు.

ఆ నెలాఖరున అక్క ఊరికి వెళ్ళిపోయిన పొద్దున ఆమె సంచి పట్టుకుని బస్సు దాకా నేనే వెళ్ళాను. "ఏమనిపిస్తున్నదక్కా నీకు?" అని అడిగి ఊరుకున్నాను. సగం దారి దాటాక ఆమె చెప్పడం మొదలుపెట్టింది. బస్సు ఎక్కేదాకా చెబుతూనే ఉంది.

ఆమె మళ్ళీ రాలేదు. నేను చెప్పని కథ లేదంటారు మా ఇంట్లో పిల్లలు. అక్క ఆ దారిలో నాతో చెప్పింది మాత్రం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఆమె నాకని చెప్పుకున్నది.