పుణ్యవతి మాటల సంచి
గోసాని నువాగాంలో బట్టలు కుట్టే పుణ్యవతి కత్తెర పక్కన పెట్టి, కళ్లజోడు నుదుటి మీదికి తోసి "ఏటంటే..." అందంటే, అరుగు మీది స్నేహితురాళ్లకు ఆ పూట ఏదో ఒక వింత దొరికినట్టే. తేనెటీగకు అయిదు కళ్లుంటాయనీ, అనాస పండు పేరుతో సహా ఓడెక్కి వచ్చిందనీ చెప్పేది. విన్నవాళ్లు నోళ్లు తెరిస్తే చంటిపిల్లలా మురిసిపోయేది.

మొన్న వానాకాలంలో పక్షవాతం వచ్చి ఆమె మాట పడిపోయింది. కాలూ చెయ్యీ కుదుటపడ్డా నోరు పెగల్లేదు. స్నేహితురాళ్లు కుమారి, చందన మాత్రం రావడం మానలేదు. ఏం మాట్లాడాలో తెలియక కాసేపు కూర్చుని వెళ్లేవారు. ఒక సాయంత్రం ఆ మౌనం భరించలేక కుమారే మొదలుపెట్టింది. "ఒలే చందనా, ఇస్త్రీ అన్న మాట ఎలాగొచ్చిందో తెల్సా? స్త్రీలు సేసే పని గదా, అందుకే ఇస్త్రీ అన్నారట." చందన నిజమేననుకుని తలూపింది. పుణ్యవతికి ఒళ్లు మండిపోయింది. మంచం పట్టె పట్టుకుని లేచి కూర్చుంది. పెదవులు వణికాయి. "కా... కాదే! పోర్... పోర్చుగీసు!" చందన భోరుమంది. కుమారి కళ్లయినా తుడుచుకోకుండా మంచం దగ్గరికి జరిగి, "అయితే అలమారా మన మాటేనేటే?" అని అడిగింది. "అదీ... అక్కడిదే," అంది పుణ్యవతి. ఇంకా ఉంది ఆగండన్నట్టు ఇద్దరికీ చెయ్యి చూపించి, తర్వాతి మాట కోసం గట్టిగా ఊపిరి పీల్చుకుంది.