రెండంగుళాల వదులు

రెండో ఆదివారం ఉదయం ఏడున్నరకు తిరుపతి బస్టాండులో పుత్తూరు బస్సెక్కాను. భుజాన సంచి, చేతిలో ఇరవై రెండు చుడీదార్ల మూట. కార్వేటినగరం దగ్గర ఒక ట్రస్టు వాళ్ళు ఆడపిల్లల హాస్టల్ నడుపుతున్నారు. అమ్మో నాన్నో లేని పిల్లలు, ఉన్నా చూసుకునే వీలులేని ఇళ్ళ పిల్లలు అక్కడ ఉండి బడికి పోతారు. ముప్పై ఏళ్ళు నడిపిన టైలరింగ్ షాపు మూసేశాక ఇంట్లో ఊరికే కూర్చోలేక, వాళ్ళకు బట్టలు కుట్టిపెడతానని నేనే వెళ్ళి అడిగాను. రెండు నెలల కిందట అందరి కొలతలూ తీసుకున్నాను. ఇది వాటిని ఇచ్చి రావడానికి చేసిన ప్రయాణం.

పుణ్యం కోసం వెళ్ళానని చెబితే అబద్ధమవుతుంది. షాపులో ఉన్నన్నాళ్ళూ చంక పట్టేసింది, మెడ జారిపోతోంది అన్న ఫిర్యాదులే విన్నాను. ఒక్కసారైనా నాలుగు మంచి మాటలు చెవిన పడాలని ఆశ. బస్సులో పక్క సీటు అవ్వ నా మూట సంగతి అడిగి తెలుసుకొని, "మంచి పనమ్మా. పిల్లోళ్ళు మీ పేరు చెప్పుకోని తొడుక్కుంటారులే," అంది. ఆ మాట తలుచుకుంటూ వడమాలపేట ఎప్పుడు దాటామో కూడా చూసుకోలేదు.

ఎనిమిది ముప్పావుకు పుత్తూరు చేరాం. ఆదివారం కార్వేటినగరం వైపు బస్సులు తక్కువ. అక్కడికి వెళ్ళదలచినవాళ్ళు బస్టాండు ఎదుట టిఫిన్ తినేసి నిలబడటం మంచిది. నేను రెండిడ్లీలు, ఒక వడ తిన్నాను. సాంబారు కాస్త తీపిగా ఉంది, ఆ పక్కకి పోతే అరవ రుచి అలా తగులుతూనే ఉంటుంది. తొమ్మిదిన్నర బస్సు. దారికి ఒక వైపు కొండలు, ఇంకో వైపు మామిడి తోటలు. పదింటికి దిగి, ఆటోలో హాస్టల్ చేరేసరికి పిల్లలు తలలు దువ్వుకొని వరండాలో వరసగా నిలబడి ఉన్నారు.

వార్డెన్ సరళమ్మ నోరు పెద్దది గానీ మనసు మంచిది. ఆమె ఒక్కొక్కరి పేరూ పిలిచింది, నేను ఒక్కొక్కటీ చేతిలో పెట్టాను. "థాంక్యూ మేడమ్" అని ఒకే రాగంలో ఇరవై ఒక్కసార్లు విన్నాను. ఇలా చెప్పమని వాళ్ళకు నేర్పించి ఉంటారని తెలుసు. అయినా బాగానే ఉంది.

ఇరవై రెండో పిల్ల కోమల. పన్నెండేళ్ళుంటాయి. చుడీదార్ తీసుకొని మడత విప్పింది, భుజాల దగ్గర పట్టి ఒంటికి ఆనించి చూసుకుంది. మొహం వాడిపోయింది.

"ఇది గూడా లూజే ఉండాది మేడమ్."

నాకు చురుక్కుమంది. ఈ కళ్ళతో రెండు నెలలు కూర్చొని కుట్టానే! "ఎదిగే పిల్లవి. వచ్చే ఏడాదికి సరిపోతుందిలే," అన్నాను పుల్లవిరుపుగా.

"వచ్చే ఏడాదికి నేను ఈడ ఉండను మేడమ్."

సరళమ్మ అరిచింది. "ఏమే, అంత దూరం నించి తెచ్చి ఇస్తే వంకలు పెడతావా? థాంక్యూ చెప్పు!" ఆ పిల్ల చెప్పింది. చెప్పి, చుడీదార్ మడుచుకొని గోడవార కూర్చుంది.

వెళ్ళిపోయి ఉండేదాన్నేమో. కానీ ఇక్కడ ఉండను అన్న మాట నన్ను పట్టుకుంది. మధ్యాహ్నం సాంబారన్నం, గుడ్డు పెట్టారు. కంచం తీసుకొని ఆ పిల్ల పక్కన కూర్చొని ఏమైందని అడిగాను. తల వంచుకొనే చెప్పింది.

"మా నాయన నగరిలో మరమగ్గాల కాడ పని చేస్తాడు. మాయమ్మ లేదు. నెలకొకసారి రెండో ఆదివారం నన్ను సూసేదానికి వస్తాడు. వచ్చినప్పుడల్లా ఎండిపోయినావు, ఎండిపోయినావు అంటాడు. ఈడ నీకు కూడు సరిగ్గా పెట్టడంల్యా, ఈసారి వచ్చేటప్పటికీ ఇట్లే ఉంటే ఇంటికి తోలుకపోతా అన్నాడు."

"నాన్న దగ్గరికి పోవడం నీకు ఇష్టం లేదా?"

"నాయనంటే ఇష్టమే. ఆడికి పోతే బడి ఉండదు మేడమ్. అవ్వ పక్కన కూర్చోని కండెలు చుట్టాల." కండెలంటే మగ్గానికి ఎక్కించే నూలు చుట్టలు. "నేను బాగానే తింటా ఉండాను. అందురూ ఇచ్చే గుడ్డలు పెద్దయి. వాటిలో ఎండిపోయినట్టు కనపడతాను. ఇది నా కొలతకు కుట్టింది గదా, సరిపోతాదనుకున్నా."

పిల్లల బట్టలకు కొలత మీద రెండంగుళాలు వదలడం నా చేతికి పట్టిన అలవాటు. వచ్చే ఏడాదికి కూడా రావాలమ్మా అని ప్రతి తల్లీ అడిగేది, వదలకపోతే కొట్లాడేది. ఆ తల్లుల పిల్లలకు బీరువాలో సరిపోయేవి ఇంకో నాలుగు జతలుండేవి. ఈ పిల్ల ఒంటికి సరిపోయే గుడ్డ ఎప్పుడైనా తొడిగిందా అని నేను ఆలోచించలేదు. కొలతలైతే తీసుకున్నాను, అవి ఎవరివో చూడలేదు. సిగ్గేసింది.

"మీ నాయన ఎన్నింటికి వస్తాడు?"

"మూడింటికి."

అప్పటికి ఒంటిగంటన్నర. చేయి కడుక్కొని టేపు తీసి మళ్ళీ కొలిచాను. నా పుస్తకంలో రాసుకున్నదాని కంటే ఛాతీ అంగుళం పెరిగింది, పొడవు అంగుళమున్నర. పిల్ల నిజంగానే పెరిగింది, నా గుడ్డే దాన్ని దాచేస్తోంది. హాస్టల్లో ఒక పాత మెషిన్ ఉంది గానీ బెల్టు జారిపోతోంది. నేను పక్క కుట్లు విప్పి లోపలికి వేస్తుంటే కోమల చేత్తో చక్రం తిప్పింది. వేగంగా తిప్పొద్దంటే వినదు. ఒకసారి దారం తెగింది, ఒకసారి నా వేలు సూది కింద పడబోయి తప్పింది. ఇద్దరం ఒకరినొకరం కసురుకుంటూనే నడుము, చంకలు, చేతులు పూర్తి చేశాం. చుట్టూ చేరిన పిల్లల్లో ఇంకో ఆరుగురు, "మాది గూడా లూజే మేడమ్," అన్నారు సిగ్గుపడుతూ. వచ్చే ఆదివారం వస్తానని వాళ్ళకు మాటిచ్చాను.

మూడుంబావుకు వాళ్ళ నాయన వచ్చాడు. సన్నటి మనిషి, చంకలో మడిచి పెట్టుకున్న పెద్ద గోతాం సంచి. పిల్ల సామాన్లకని తెచ్చుకున్నాడని చూడగానే అర్థమైంది. కోమల కొత్త చుడీదార్‌లో బయటికొచ్చి అతని ముందు నిలబడింది. అతను భుజం పట్టుకొని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు.

"ఏం పాపా! ఒళ్ళు చేసినావే!"

"మూడు పూట్లా తింటాండా నాయనా."

అతను గట్టిగా నవ్వాడు. తెచ్చిన మురుకుల పొట్లం ఆమె చేతిలో పెట్టి, అరుగు మీద కూర్చొని బడి కబుర్లు అడిగాడు. పోదాం పద అన్న మాట రాలేదు.

నాలుగున్నర బస్సుకు అతనూ నేనూ ఒకే స్టాపులో నిలబడ్డాం. పుత్తూరు దాకా పక్కపక్క సీట్లే దొరికాయి. ఖాళీ సంచి మోకాళ్ళ మీద పెట్టుకొని తనే మాట కలిపాడు.

"మీరు గూడా హాస్టల్‌కు వచ్చినారా అక్కా?"

"అవునప్పా, పిల్లల్ని చూసి పోదామని."

"పాపను తోలుకపోదామనే వచ్చినాను. సంచి గూడా తెచ్చుకున్నా సూడండి. ఆడ మా యమ్మతో పడి ఉంటాదిలే, తిండన్నా కనపడతాదని. ఈ పొద్దు సూస్తే బిడ్డ బలే ఉండాది. నేనే ఊరికే అనుమానపడినా. సదువుకోనీలే యాడిదాకా సదివితే ఆడిదాకా." మోకాళ్ళ మీది సంచి సర్దుకుంటూ మళ్ళీ అన్నాడు. "ఆ వార్డెనమ్మకు చేతులెత్తి దండం పెట్టాల అక్కా. సొంత బిడ్డ మాదిరి చూసుకుంటా ఉండాది."

ఆ చుడీదార్ కుట్టింది నేనేనన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. నాలుగు మంచి మాటలు వినాలనే కదా పొద్దున బయల్దేరింది! కానీ పిల్లకు ఆ అంగుళం, అంగుళమున్నర పెంచింది నా సూది కాదు, సరళమ్మ పెట్టే అన్నం. పైగా కోమల నోరు తెరిచి అడగకపోతే నా వదులు చుడీదారే ఆ పిల్ల బడి మానిపించేది, నేనేమో ఇరవై రెండు థాంక్యూలు మూటగట్టుకొని హాయిగా ఇల్లు చేరేదాన్ని. ఆ పిల్లకు థాంక్యూ చెప్పాల్సింది నేను. చెప్పకుండానే బస్సెక్కేశాను.

పుత్తూరు వచ్చింది. నగరి బస్సు కోసం అతను లేచి, సంచి చుట్టి మళ్ళీ చంకలో పెట్టుకున్నాడు.

"నువ్వన్నది నిజమేనప్పా," అన్నాను. "ఆమెకే పెట్టాల దండం."