సాక్ష్యం మధ్యలో నేనెత్తిన పాట

1979లో తిరుపతి–పుత్తూరు దారిలో ఒక చిన్న మిషన్ ఆసుపత్రిలో నేను బైబిల్ ఉమెన్‌గా పనిచేసేదాన్ని. అంటే మంచం మంచానికీ పోయి, రోగుల పక్కన కూర్చుని వాక్యం చదివి ప్రార్థన చేసే మనిషి. నేను బడికి పోలేదు. నాయన ఇంట్లోనే బైబిలు ముందర పెట్టి చదవడం నేర్పాడు. ఆ చదువుతోనే దేవుడు నాకింత అన్నం పెట్టాడని ఈరోజుకీ స్తోత్రం చెప్పుకుంటాను. ఈ ఒక్క సంగతి తలుచుకుంటే మాత్రం తల ఎత్తలేను.

ఆ ఏడు వానల్లో వడమాలపేట దగ్గర ఒక బస్సు కల్వర్టు మీంచి వాగులో పడింది. ముందుగా చేరింది మా ఆసుపత్రి వ్యానే. డ్రైవరు దేవదానం నీళ్లలో దిగి, వ్యానులో పట్టినంతమందిని, ఏడుగురిని, ఎక్కించుకొచ్చాడు. ఏడుగురూ బతికారు.

నాలుగు రోజుల తర్వాత వరండాలో నన్ను ఆపాడు. "అక్కా, నిద్ర పట్టల్యా. కండ్లు మూస్తే ఒక చెయ్యి కనపడతా ఉండాది."

ఎవరి చెయ్యప్పా అని అడగాల్సింది. అడగలేదు. "నీ చేత దేవుడు ఏడుగురిని కాపాడినాడు. ఆదివారం సాక్ష్యం చెప్పు, బరువు దిగిపోతాది" అన్నాను.

సాక్ష్యమంటే దేవుడు చేసిన మేలును సంఘం ముందు నిలబడి చెప్పుకోవడం. చెప్పేవాళ్లు ఏడ్చినా, మాట పెగలక నిలిచిపోయినా, ఆడవాళ్లలో ఒకరు పాట ఎత్తడం మా అలవాటు. అందరూ అందుకుంటారు, ఆ మనిషి పరువుగా కూర్చుంటాడు. ఎక్కువగా ఎత్తేది నేనే. నా గొంతు బాగుంటుందని నాకు కొంచెం గర్వం కూడా.

ఆదివారం దేవదానం నిలబడ్డాడు. "ఏడుగురిని తెచ్చినాను. ఎనిమిదో ఆమె నా చొక్కా పట్టుకునింది. చోటు లేదు. వేళ్లు ఒక్కొక్కటే ఇడిపించినాను..." అని ఆగాడు. నాకు భయమేసింది, పాట ఎత్తాను. చర్చి అంతా చప్పట్లు కొడుతూ అందుకుంది. అతను కూర్చున్నాడు.

మరుసటి రోజు వ్యాను తాళాలు ఆఫీసులో పెట్టి ఇంటికి పోయాడు. మళ్లీ రాలేదు.

రెండు నెలలకు అతని భార్య రూతమ్మ నా దగ్గరికొచ్చింది. "కూడు తినల్యా. బిందెలో నీళ్లు పోసినా ఉలిక్కిపడతాడు. మీరు బాగా పాడతారక్కా. ఆయన మాట్లాడితే ఇనేవాళ్లు యాడుండారు?"

ఆ మధ్యాహ్నమే పోయాను. నన్ను చూడగానే దేవదానం, "పాడొద్దక్కా" అన్నాడు.

"పాడనప్పా."

నేను కూర్చున్నాక మొదలుపెట్టాడు. "ఏడుగురిని దించి, వ్యాను తిప్పుకొని మళ్లీ పోయేసరికి ఆమె ఆడ లేదు. వాగు పెరిగిండాది. ముంజేతి మీద తేలు పచ్చబొట్టు. సగం చెరిగిపోయింది. ఆ తేలు కూడా కనపడతాది."

"ఎడమ చెయ్యేనా?"

"అవు."

ఆ చెయ్యి నాకు తెలుసు. ప్రమాదం జరిగిన సాయంత్రం ఎవరో ట్రాక్టరులో తెచ్చి మా ఫీమేల్ వార్డులో చేర్చిన మంగమ్మది. మగ డ్రైవర్లు ఆ వార్డులోకి రారు. నేనే రోజూ ఆ చెయ్యి పట్టుకుని ప్రార్థన చేశాను. మూడు వారాలుండి, కర్ర ఊతంతో ఇంటికి పోయింది. అతను చర్చిలో నిలబడిన ఆదివారం ఆమె మూడో మంచం మీదే ఉంది. చర్చికీ ఆ వార్డుకీ మధ్యలో ఒక్క ప్రహరీ గోడే.

చెప్పాను. "బతికిందా?" అని మూడుసార్లు అడిగాడు. రూతమ్మ నా వైపు చూసింది.

దేవదానం మళ్లీ వ్యాను ఎక్కాడు. నన్ను ఒక్క మాట అనలేదు. ఒకరి దుఃఖం వినలేక నేను పాడిన పాటకు స్తోత్రమని పేరు పెట్టుకున్నానని నాకప్పుడు అర్థమైంది. నన్ను క్షమించమని దేవుణ్ణి ఆ రోజే అడిగాను. దేవదానాన్ని అడగడానికి మూడేళ్లు పట్టింది. అడిగినాక అతనేదో చెప్పబోయి ఆగిపోయాడు. చెప్పేదాకా నేను ఊరకే కూర్చున్నాను.