చేయి కలిపితే బర్రె వచ్చింది

నెదర్లాండ్స్ దాకా వెళ్లి కంప్యూటర్ శిక్షణ పొంది, తిరిగొచ్చి, నోటితో ఒక్క ధర కూడా చెప్పకుండా బర్రెను కొన్న ఆడమనిషి బీదర్ జిల్లాలో నేను కాక ఇంకొకరుంటే చెప్పండి. వెళ్లి కాళ్లకు దండం పెట్టి వస్తాను. చేయి మాత్రం కలపను. ఎందుకు కలపనో చెప్పడానికే ఈ గోలంతా. చదివితే నవ్వుతారని తెలుసు, నవ్వండి. మా అమ్మ ఇప్పటికీ నవ్వుతూనే ఉంది, అదీ గిన్నెడు మీగడ పక్కన పెట్టుకుని.

టెక్నాలజీలో పనిచేసే ఆడవాళ్లను రకరకాల దేశాల నుంచి ఏరి, కొన్ని వారాలు అక్కడ శిక్షణ ఇచ్చి పంపించే కార్యక్రమం అది. మా ఊరు కమఠాణ నుంచి నేను వెళ్లాను. కోడ్ రాయడం నాకు ముందే వచ్చు. అక్కడ కొత్తగా నేర్పింది మనుషులతో మెలిగే పద్ధతి. ఆ పాఠం చెప్పే మారియా మేడమ్ మమ్మల్ని వరసగా నిలబెట్టి ఒక్కొక్కరి చేయీ పట్టి చూసింది. నా దగ్గరికి రాగానే మొహం చిట్లించింది.

"గ్రేస్, ఈ చేతిలో ప్రాణం ఉందా?"

ఆమెకేం తెలుసు? మా ఊళ్లో ఎవరైనా ఎదురైతే "తిన్నవా?" అంటాం. చర్చిలో అయితే "వందనాలు" అంటాం. రెండింటిలోనూ చేతికి పని లేదు. కానీ ఆమె వదల్లేదు. అవతలివాళ్లు చేయి చాచగానే వెనకాడకూడదు, అన్ని వేళ్లూ కలిపి గట్టిగా పట్టుకోవాలి, కళ్లలోకి చూడాలి, నవ్వాలి, బాగా ఊపాలి. చేయి పట్టే తీరులోనే నీ నమ్మకం తెలియాలంది. నేను అద్దం ముందు నా కుడిచేత్తో నా ఎడమచేతిని పట్టుకుని ఊపుకుంటూ సాధన చేశాను. కోర్సు అయిపోయేసరికి నా పట్టుకి మారియా మేడమే "అబ్బా" అనాల్సి వచ్చింది.

తిరిగొచ్చాక నా ఉద్యోగం ఎప్పటిలాగే బీదర్ గాంధీ గంజ్‌లో, పప్పు బస్తాల దుకాణం పైన. మా సంస్థ అంటే నేను, యజమాని శరణప్ప సార్, మాకంటే ఎక్కువ చప్పుడు చేసే ఒక ఇన్వర్టరు. అంతకుముందు కంది వ్యాపారులకు బిల్లుల సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లం. నేను మాత్రం కొత్త ఊహతో ఒక యాప్ తయారు చేశాను. పశువులు కొనేవాళ్లు, అమ్మేవాళ్లు ఫోన్‌లోనే బేరం చేసుకోవాలి. బర్రె ఫోటో, వయసు, పాలు, ధర, అన్నీ తెరమీద బహిరంగంగా కనిపించాలి. ఎందుకంటే మా వైపు సంతల్లో ధర ఎవరూ పైకి చెప్పరని విన్నాను. చెప్పకుండా ఎట్లా తెలుపుకుంటారు అన్న ప్రశ్న నాకు తట్టలేదు. విదేశాలు తిరిగొచ్చిన తలకు చిన్న ప్రశ్నలు తట్టవు.

ఈలోపు మా కోర్సు స్నేహితురాళ్ల గ్రూపులో రోజుకో శుభవార్త. నైరోబీ అమ్మాయి ఆసుపత్రుల సాఫ్ట్‌వేర్ కంపెనీలో డైరెక్టర్ అయింది. లీమా అమ్మాయి సొంత కంపెనీ పెట్టింది. మనీలా అమ్మాయి ఎంత ఎదిగిందంటే మెసేజ్‌లకు జవాబివ్వడం కూడా మానేసింది. నేను అందరికీ చప్పట్ల బొమ్మలు పంపుతున్నాను. నా యాప్‌లో మాత్రం ఒక్క బేరమూ లేదు. చివరికి శరణప్ప సార్ నన్ను కూర్చోబెట్టి మాట్లాడారు.

"నోడమ్మా గ్రేసమ్మా, ఈ సంతల ఒక్కటంటే ఒక్క సౌదా నీ ఫోన్ల కావాలె. కాలేదంటే ఈ బర్రెల ముచ్చట బంద్. మళ్ల కందిపప్పు బిల్లులే."

ఎగతాళి పక్కనపెట్టి చెబుతున్నాను, ఆ యాప్ నా ప్రాణం. మొదటిసారి ఎవరో చెప్పిన పని కాకుండా నేను అనుకున్న పని చేస్తున్నాను. అది పోతే మళ్లీ జీవితమంతా బస్తాలు లెక్కపెట్టుకోవడమే. కాబట్టి పొద్దున్నే బస్సెక్కి, కమలనగర్ అవతల ఒక ఊళ్లో జరిగే పశువుల సంతకు వెళ్లాను.

మధ్యాహ్నం దాకా ఒక్కరూ చిక్కలేదు. సంత నిండా తెలుగు, కన్నడం, మరాఠీ కలగలిసి వినబడుతున్నాయి. మూడు భాషల్లోనూ నాకు "వద్దు" అనే చెప్పారు. చివరికి మంచి నిగనిగలాడే బర్రెతో, దాని దూడతో నిలబడ్డ లక్ష్మమ్మ అనే రైతు నా మాట విన్నది.

"ధర గా ఫోన్ల అందరికి కనవడుతదా బిడ్డా?"

"అందరికి కనవడుతది పెద్దమ్మా! దాపరికం లేదు."

"మా మరిదికి గూడ?"

"ఆయనకు గూడ!"

"అయితే నాకొద్దు. పైసలొచ్చినయని తెలిస్తే పొద్దుగూకే వరకు ఇంటి ముంగట కూసుంటడు."

ఇలాంటి మరిది గురించి మారియా మేడమ్ ఏ పాఠంలోనూ చెప్పలేదు. అయినా నేను వదల్లేదు. కనీసం బర్రె వివరాలైనా ఎక్కిద్దామని దాని చుట్టూ తిరిగాను. ముందు నుంచి ఫోటో, వెనక నుంచి ఫోటో. పళ్లు చూశాను. పొదుగు చూశాను. పాలెన్ని అడిగాను, ఎన్నో ఈత అడిగాను. ఒక మనిషి సంతలో బర్రె పళ్లు చూస్తే చూసేవాళ్లకు ఏమర్థమవుతుందో మీకు తెలుసు. నాకు తెలియలేదు.

ఇదంతా ఖాజా చాచా చూస్తున్నాడు. ఆయన ఆ సంతలో పేరున్న దలాల్, లక్ష్మమ్మ బర్రెకు బేరం కుదిర్చేది ఆయనే. తెల్ల గడ్డం, భుజం మీద ఎర్ర రుమాలు. దగ్గరికొచ్చి నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏం బేటీ, పసంద్ అయిందా?"

"మస్తు పసంద్ అయింది చాచా." నేను ఫోటో గురించి చెప్పాను.

"మరి ముచ్చట తేల్చుకుందామా?"

"తేల్చుకుందాం చాచా, పొద్దటి సంది గందుకే తిరుగుతున్న!"

అప్పుడు ఖాజా చాచా తన కుడిచేతి మీద ఎర్ర రుమాలు కప్పి, ఆ చేతిని నా ముందుకు చాచాడు.

పాఠకులారా, ఆ క్షణంలో నా కళ్లు చెమర్చాయి. ఎంత మర్యాదస్తుడు! పరాయి ఆడపిల్ల చేయి నేరుగా ముట్టుకోకూడదని మధ్యన గుడ్డ వేసుకుని మరీ షేక్‌హ్యాండ్ ఇస్తున్నాడు. ఇంత సంస్కారం నెదర్లాండ్స్‌లో ఎక్కడుంది? నేను రుమాలు కిందికి చేయి దూర్చాను. నాలుగు వేళ్లు తగిలాయి. బొటనవేలు మడిచి పెట్టుకున్నాడు. పెద్దాయన, కీళ్లనొప్పులేమో అనుకుని దాన్ని కూడా నేనే లాగి, అయిదు వేళ్లూ కలిపి పట్టుకుని, కళ్లలోకి చూసి, నవ్వి, బాగా ఊపాను.

చాచా నోరు తెరుచుకుంది.

"బేటీ, పక్కానా?"

"పక్కా చాచా!"

"జబాన్ ఇచ్చినట్టే గదా? మళ్ల ఎనక్కి పోవు గదా?"

"ఎనక్కి పోవుడా? మీరు తోడుంటే నేను ముంగటికే పోత!"

చాచా రుమాలు లాగి గాలిలో ఊపాడు. చుట్టూ జనం కేక వేశారు. ఎవరో బర్రె నొసట గులాల్ పూశారు. లక్ష్మమ్మ కళ్లు తుడుచుకుంటూ తాడు తెచ్చి నా చేతిలో పెట్టింది. ఫోటోకోసమేమో అనుకుని నేను తాడు పట్టుకుని ఒయ్యారంగా నిలబడ్డాను. ఆ ఫోటో శరణప్ప సార్‌కు పంపి "సౌదా అయింది సార్!" అని రాశాను. ఖాజా చాచా అంతటి దలాల్ నా యాప్‌లో చేరుతున్నాడు మరి!

"ఇగ పైసలియ్యి బేటీ," అన్నాడు చాచా.

నేను ఉదారంగా నవ్వాను. "పైసలెందుకు చాచా? అంతా ఫ్రీ!"

సంతలో అరుపులు ఆగిపోయాయి. బర్రె కూడా నెమరు ఆపినట్టు గుర్తు.

"ఏంది ఫ్రీ?" లక్ష్మమ్మ కొంగు బిగించి ముందుకొచ్చింది. "నా బర్రె నీకు ఫ్రీనా? ఏ ఊరు బిడ్డా నీది?"

"బర్రె గాదు పెద్దమ్మా, యాప్ ఫ్రీ! బర్రె నాకెందుకు?"

"ఎందుకేంది? కొన్నవ్ గద!"

"నేనెప్పుడు కొన్న? షేక్‌హ్యాండ్ ఇచ్చిన!"

ఖాజా చాచా నెత్తి మీద చేయి పెట్టుకుని, అక్కడే ఉన్న గడ్డిమోపు మీద కూర్చుండిపోయాడు. తర్వాత ఓపికగా విడమరిచి చెప్పాడు. రుమాలు కింద వేళ్లే ధర. ఆయన నాలుగు వేళ్లు ఇచ్చాడంటే అది ఆయన అడిగిన రేటు. కొనేవాడు ఎవడైనా రెండో మూడో పట్టుకుని తగ్గిస్తాడు. నేను బొటనవేలు కూడా పీకి పట్టుకున్నాను. పైగా ఊపాను.

"గిన్నేండ్ల సంది దలాలీ చేస్తున్న," అన్నాడు చాచా బొంగురు గొంతుతో. "అడిగినదానికంటె ఎక్కువిచ్చి, గంత ఖుషీగ నవ్విన గిరాకిని ఇయ్యాల్నే చూసిన."

జనం కడుపులు పట్టుకుని నవ్వారు. నాకు భూమిలోకి దిగిపోదామనిపించింది. "చాచా, తెల్వక పట్టుకున్న. సౌదా క్యాన్సిల్ చేద్దాం," అన్నాను.

నవ్వని మనిషి లక్ష్మమ్మ ఒక్కతే.

"సౌదా ఇరిగిన బర్రెను మళ్ల ఎవ్వలు ముడుతరు బిడ్డా? ఏదో ఐబున్నది, గందుకే ఇడిసిపెట్టిన్రు అంటరు. బోరు మోటర్ కాలిపోయింది. చెరుకు ఎండుతాంది. గా పైసల్తోని ఇయ్యాల మోటర్ తీస్కపోదామనుకున్న."

నాకు నిజంగా సిగ్గేసింది. రైతులకు మేలు చేస్తానని బయల్దేరిన దాన్ని, ఒక్క చేయి ఊపుతో ఒక రైతు చెరుకుతోట ఎండబెట్టేలా ఉన్నాను. శరణప్ప సార్‌కు ఫోన్ చేశాను.

"సార్, బర్రెను కంపెనీ కొంటదా?"

"ఏనమ్మా, ఆడిట్‌ల ఏమని రాయాలె? ఆఫీసు కుర్చీ అని రాయాల్నా?"

తర్వాత అమ్మకు చేశాను. ఏడుపు గొంతుతో మొత్తం చెప్పాను. అమ్మ ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"పాలు మంచిగిస్తదా?"

"ఇస్తదంట."

"మరి ఏడుస్తవేందే? తోలుకరా."

కొత్త ల్యాప్‌టాప్ కోసం దాచుకున్న డబ్బు అలా కరిగిపోయింది. లక్ష్మమ్మ మాత్రం న్యాయం తప్పలేదు. "నాలుగు వేళ్ల రేటే ఇయ్యి బిడ్డా. బొటనేలు నువ్వే ఉంచుకో," అంది. దూడను కూడా వెంట పంపింది. ఆ రోజు సంతలో నిజంగా ఫ్రీగా వచ్చింది అదొక్కటే.

డబ్బు పంపడానికి ఫోన్ తీశాక గాని నా మట్టిబుర్రకు వెలగలేదు. నాకు కావలసింది ఒక్క సౌదా. ఇదిగో సౌదా! బర్రెను యాప్‌లోకి ఎక్కించాను. అమ్మేవారు లక్ష్మమ్మ, కొనేవారు గ్రేసమ్మ. మరిది సంగతి గుర్తొచ్చి, అక్కడే గడ్డిమోపు మీద కూర్చుని, ధర ఆ ఇద్దరికీ తప్ప ఎవరికీ కనిపించకుండా మార్చాను. మీట నొక్కగానే లక్ష్మమ్మ ఫోన్ డబ్బు జమ అయిందని గట్టిగా ప్రకటించింది. ధర దాచాను గాని ఆ ఫోన్ నోరు ఎవరు మూస్తారు? లక్ష్మమ్మ గభాల్న దాన్ని కొంగులో చుట్టేసింది.

"ధర కనవడదా? పైసలు గిట్లనే పడ్తయా?" అని ఇంకొక రైతు ముందుకొచ్చాడు. అతని వెనక మరొకరు. పొద్దు వాలేలోపు నా యాప్‌లో మరికొన్ని బేరాలు అయ్యాయి, వాటన్నింటికీ ఖాజా చాచానే పూచీ. "ఈ పిల్ల తెల్వక ఇచ్చిన జబాన్ గూడ నిలవెట్టుకున్నది. దీని ఫోన్ మోసం చెయ్యది," అని ఆయన సంతంతా చాటాడు. కందిపప్పు బిల్లులు తప్పాయి.

బర్రె, దూడ, నేను ముగ్గురం ఒకే టెంపోలో కమఠాణ చేరాం. అమ్మ దానికి డచ్చమ్మ అని పేరు పెట్టింది. దాంతో నేను విదేశం నుంచి బర్రెను తెచ్చానని ఊరంతా పాకింది. అది విమానంలో కిటికీ పక్కన కూర్చుందా అని అడిగినవాళ్లు కూడా ఉన్నారు.

కొన్నాళ్లకు చర్చి మహిళా సమాజం వాళ్లు నాకు సన్మానం పెట్టారు. విదేశీ శిక్షణ తర్వాత సాధించిన ఘనతలకట. ముఖ్య అతిథి బెంగళూరులో పెద్ద హోదాలో ఉన్న ఇంజనీరమ్మ. మైకు పట్టుకుని అందరి ముందూ అడిగింది.

"శిక్షణకు వెళ్లొచ్చినవాళ్లంతా పెద్ద పెద్ద బృందాలను నడుపుతున్నారు. మరి గ్రేస్, ఇప్పుడు నీ కింద ఎంతమంది ఉన్నారమ్మా?"

అబద్ధం ఆడదామంటే ముందు వరసలో మా అమ్మ కూర్చుంది.

"నా కింద ఎవ్వలు లేరు మేడమ్. నేనే పొద్దున, మాపున ఒక బర్రె కింద కూసుంటున్న."

ఇక నా ప్రతిజ్ఞ. కమఠాణ గ్రేసమ్మ అనే నేను, ఇకపై ఏ దేశపు మంత్రి వచ్చినా, ఏ కంపెనీ అధిపతి వచ్చినా, వందనాలు చెబుతానే తప్ప చేయి కలపనని, అవతలి చేతిమీద గుడ్డ ఉంటే అసలు ఆ దరిదాపుల్లోకే పోనని ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. పద్ధతి ప్రకారం చేయెత్తి ప్రమాణం చేద్దామనే అనుకున్నాను. కానీ సంతలో చేయెత్తితే దానికేం అర్థమో ఇంకా కనుక్కోలేదు. అందుకని చేతులు రెండూ వెనక్కి కట్టుకునే చేశాను.