మామగారి చెమట

మామగారికి ఒకటే జబ్బు. లోకంలో ఎక్కడ ఏ తప్పు జరిగినా అది తనదే అంటారు. బస్సులో ఎవరైనా ఆయన కాలు తొక్కితే, తొక్కినవాడు నోరు తెరిచేలోపే "తప్పు నాదే బాబూ, అక్కడ కాలు పెట్టాను" అంటారు. రాంగ్ నంబరుకు ఫోన్ చేసినవాడికి, "తప్పు నాదే, మీకు కావలసిన మనిషిని నేను కాకపోయాను" అని సంజాయిషీ చెప్పుకుంటారు. వాన వచ్చినా తప్పు ఆయనదే. గొడుగు తెచ్చుకున్నారట, అందుకే వచ్చిందట. చిన్న విమానాలు దిగే మైదానం పక్కన పాత విమానాలు బాగుచేసే షెడ్డు ఆయనది. అక్కడికి వచ్చేవాళ్ళంతా ఆయన్ని 'తప్పు మామ' అనే పిలుస్తారు. పెద్దాయన్ని అలా పిలవడం తప్పు కదా అని ఎవరైనా అంటే, ఆ తప్పు కూడా తనదే అంటారు.

ఇలాంటి మనిషికి దొరికిన అల్లుడి ఉద్యోగం ఏమిటయ్యా అంటే, బీమా కంపెనీలో తప్పెవరిదో తేల్చడం. రెండు కార్లు గుద్దుకుంటే మధ్యలో నిలబడి, చక్రాల గుర్తులు చూసి, ఇద్దరూ చెప్పే అబద్ధాలు విని, ఎవరో ఒకరి వైపు వేలు చూపిస్తాడు. వేలు చూపించడంలో అతనికి ఆఫీసులో మంచి పేరుంది. ఆ వేలు ఇంతవరకు తన వైపు మాత్రం తిరగలేదు.

మొదటిసారి అత్తవారింట్లో భోజనానికి కూర్చున్న రోజు అల్లుడి కుర్చీ కాలు విరిగింది. అతను ఇంకా నేలమీద ఉండగానే మామగారు కంగారుగా వంగి, "తప్పు నాదే అల్లుడుగారూ, లేవండి" అన్నారు. అల్లుడు లేచి బట్టలు దులుపుకుని, "ఫర్వాలేదండీ" అని పెద్దమనసు చేసుకుని క్షమించాడు. కుర్చీని వెనక్కి వాల్చి రెండు కాళ్ళమీద ఊగింది తనే అన్న సంగతి ఏడాది తర్వాతగానీ భార్య దగ్గర ఒప్పుకోలేదు. అదైనా ఆవిడ కళ్ళారా చూసింది కాబట్టి.

ఇంకోసారి, ఆగి ఉన్న మామగారి కారును వెనకనుంచి పాల వ్యాను గుద్దింది. వ్యాను డ్రైవరు దిగి తల గోక్కుంటుంటే మామగారే ఎదురెళ్ళారు.

"తప్పు నాదే బాబూ. ఇక్కడ ఆపాను."

"మామయ్యగారూ, మీరు ఆగి ఉన్నారు!" అని అల్లుడు మొత్తుకున్నాడు.

"అదే కదా నేననేది. కదులుతూ ఉంటే తగిలేది కాదుగా?"

డ్రైవరు ఆ మాటను భద్రంగా గుర్తుపెట్టుకున్నాడు. సొంత మామగారి క్లెయిమును సొంత చేత్తో కొట్టేసిన ఉద్యోగి ఆ ఆఫీసులో ఇతనొక్కడే.

మామగారికి సొంత విమానం కూడా ఒకటుంది. ఇద్దరు మాత్రమే పట్టే బుల్లి విమానం. అల్లుడికంటే వయసులో పెద్దది. దాని కిటికీల చుట్టూ ఉన్న రబ్బరు పట్టీలు ఎండి పెళుసెక్కి, గోరు తగిలితే పొడి రాలుతున్నాయి. కిందటిసారి వానలో ఎగిరినప్పుడు కుడివైపు కిటికీలోంచి అత్తగారి నెత్తిన నీళ్ళు ధార కట్టాయి. ఆవిడ కిందికి దిగి, జుట్టు పిండుకుని, తాపీగా ఒక మాట అన్నారు.

"ఇంకోసారి నామీద ఒక్క చుక్క పడిందా, మళ్ళీ ఈ జన్మలో దీన్ని ఎక్కను."

"తప్పు నాదే," అన్నారు మామగారు.

"ఈసారి నిజంగానే మీదే," అన్నారు అత్తగారు.

మామగారు ఆవిడ లేకుండా ఎగరరు. పక్క సీటు ఖాళీగా ఉంటే విమానం ఒక పక్కకి వాలుతుందని బయటికి చెబుతారుగానీ, అసలు సంగతి ఆవిడ పక్కన లేకపోతే ఆయనకి ఆకాశం కూడా బావుండదు. ఆ రోజునుంచి విమానం షెడ్డులోనే ఉండిపోయింది. పొద్దున్నే వెళ్ళి రెక్కలు తుడిచి వస్తున్నారు. మనిషి సగమయ్యారు.

"నాన్న సరిగ్గా అన్నం కూడా తినట్లేదు. వెళ్ళి ఆ రబ్బర్లు మార్చడానికి సాయం చెయ్యకూడదూ?" అంది అల్లుడితో భార్య.

"విమానాల గురించి నాకేం తెలుసు?"

"మొన్న కుక్కర్ రబ్బరు మార్చి వీధంతా చెప్పుకున్నారుగా. అదే అనుకోండి."

అల్లుడు అదే అనుకున్నాడు. అక్కడే వచ్చింది చిక్కు.

మామగారు కొత్త రబ్బరును రెండు సమానమైన ముక్కలుగా కోసి, ఎడమ కిటికీ తను తీసుకుని కుడిది అల్లుడికి అప్పగించారు. అంటే అత్తగారు కూర్చునే వైపు.

"పాతదాన్ని చెక్కముక్కతోనే పెకలించండి. స్క్రూడ్రైవరు వద్దు, గీతలు పడతాయి. కిటికీ గాజు కాదు, ప్లాస్టిక్కు. కొత్తదానికి సబ్బునీళ్ళు రాసి గాడిలోకి నొక్కుకుంటూ వెళ్ళండి. లాగొద్దు. లాగితే సాగుతుంది, తెల్లారేసరికి మళ్ళీ దాని పొడుక్కి అది ముడుచుకుంటుంది. మూలల దగ్గర కాస్త వదులుగా వదలండి."

"నాకు అలవాటే మామయ్యగారూ," అన్నాడు అల్లుడు.

లాగొద్దన్న మాట అతని చెవులు విన్నాయిగానీ చేతులు వినలేదు. కుక్కర్ రబ్బరు లాగితేనే కదా మూతకి పట్టింది! సబ్బునీళ్ళకి రబ్బరు జారి రెండుసార్లు అతని ముక్కుమీదే ఛెళ్ళుమంది. దాంతో పౌరుషం వచ్చి, పళ్ళు బిగించి, బలంగా లాగి నాలుగు మూలలూ తిప్పాడు. తీరా చూస్తే చివర బెత్తెడు ముక్క మిగిలింది కూడా. పొదుపు చేశానని పొంగిపోయి దాన్ని కోసి జేబులో వేసుకున్నాడు. మామగారి కిటికీ దగ్గర గోరంత ముక్క కూడా మిగల్లేదు. పాపం పెద్దాయన, వయసు మీదపడింది అనుకున్నాడు.

మర్నాడు పొద్దున చూస్తే కుడి కిటికీ పై మూలలో రబ్బరు ముడుచుకుపోయి సందు నోరు తెరుచుకుని ఉంది. ఊళ్ళో అందరివైపూ చూపించే ఆ చూపుడువేలు అందులో సుబ్బరంగా దూరింది. అల్లుడు చప్పున వేలు వెనక్కి లాక్కున్నాడు. వెంటనే చెప్పేయాలనుకున్నాడు. టీ తాగాక చెబుదామనుకున్నాడు. మామగారు టీ పోయించారు. తాగాక, ఇంకో కప్పు తాగి చెబుదామనుకున్నాడు. మామగారు ఇంకోటి కూడా పోయించారు.

ఇంతలో షెడ్డులో రంగులు వేసే పెయింటరు పరుగెత్తుకొచ్చాడు. "మామా, నీలం డబ్బా తన్నేశాను. పసుప్పచ్చ రెక్కమీద పడింది!"

"తప్పు నాదే, మూత పెట్టాల్సింది నేను. ఏ రెక్క? చూపించు," అంటూ మామగారు గుడ్డ పట్టుకుని లేచారు. రంగు ఆరేలోపే తుడిచేసి వచ్చారు. పెయింటరు ఈల వేసుకుంటూ వెళ్ళిపోయాడు. అల్లుడు మూడో కప్పు అడగడానికి ధైర్యం చాలక ఖాళీ కప్పే తాగుతూ కూర్చున్నాడు. పరాయివాడి తప్పును పేజీలకు పేజీలు రాయగలవాడికి తన తప్పు చెప్పడానికి ఒక్క వాక్యం దొరకలేదు.

కొత్త రబ్బర్లు నీళ్ళు ఆపుతాయో లేదో పరీక్షించడానికి అత్తగారు రానే వచ్చారు. ఆవిడ లోపల కూర్చోవాలి, బయటినుంచి అల్లుడు పైపుతో నీళ్ళు కొట్టాలి. ఆవిడ అలవాటుగా కుడివైపు వెళ్ళబోతుంటే మామగారు అడ్డుపడ్డారు.

"ఇవాళ నా సీట్లో కూర్చోవే."

"అదేమిటి కొత్తగా?"

"ఎప్పుడూ నేను నడపడంలో వంకలు పెడతావుగా. అక్కడ కూర్చుంటే కష్టం తెలుస్తుంది."

ఆవిడ ఎడమవైపు ఎక్కారు. మామగారు కుడివైపు సర్దుకుని, తలుపేసుకుని, "కొట్టండి అల్లుడుగారూ, మొహమాటపడకండి" అన్నారు.

అల్లుడు ఎడమ కిటికీమీద వరద పారించి, కుడి కిటికీకి వచ్చేసరికి మొక్కకి పోసినట్టు పోశాడు. లోపలినుంచి అత్తగారు అరిచారు. "గట్టిగా బాబూ! వానంటే వానలా ఉండాలి!"

ఇక తప్పలేదు. పై మూలలోంచి నీళ్ళు లోపలికి దిగడం అల్లుడికి స్పష్టంగా కనబడుతోంది. మామగారు తలనీ భుజాన్నీ ఆ మూలకి ఆనించి కూర్చున్నారు. నీళ్ళు ఆయన చెవి వెనకనుంచి కాలరులోకి పోతున్నాయి. ఆయన మాత్రం నవ్వుమొహంతో అత్తగారికి ఏదో మీట చూపించి పాఠం చెబుతున్నారు. అల్లుడికి ఏడుపొక్కటే తక్కువ.

"ఒక్క చుక్క పడలేదు!" అంటూ అత్తగారు దిగారు. వెనకే మామగారు దిగారు. చొక్కా కుడివైపంతా ఒంటికి అతుక్కుపోయి ఉంది.

"అదేమిటండీ?"

"చెమటే. తప్పు నాదే, నాకు చెమట ఎక్కువ."

"ఒక్క భుజానికేనా?"

"ఎక్కువ పనిచేసేది ఆ భుజమే."

"సబ్బు వాసన వస్తోందే!"

"స్నానం చేసే వచ్చాగా."

అల్లుడు ఇక ఆగలేకపోయాడు. జేబులోంచి బెత్తెడు రబ్బరు తీసి అత్తగారి ముందు పెట్టాడు. "తప్పు నాది అత్తయ్యగారూ. లాగొద్దంటే లాగాను. పొద్దున సందు చూసి కూడా చెప్పలేదు."

మామగారికి కోపం రావడం అతను మొట్టమొదటిసారి చూశాడు. "అది నా మాట అల్లుడుగారూ! మీరెలా అంటారు?"

"మీరుండండి," అని అత్తగారు అల్లుడి వైపు తిరిగారు. "ఆయన ఆ మాట ఎందుకు పట్టుకున్నారో తెలుసా బాబూ? ఇక్కడ ఎవరైనా భయపడి ఒక తప్పు దాచుకుంటే, పైన ఎగిరేవాడి ప్రాణంమీదికొస్తుంది. తిట్టరని తెలిస్తే ఎవరైనా వచ్చి చెబుతారు. అందుకని ముందే తన నెత్తిన వేసుకుంటారు. ఈ షెడ్డుకి అది మందే. బస్సుల్లో కూడా వాడుతున్నారు చూడండి, అదీ జబ్బు!"

మామగారు సిగ్గుపడి చొక్కా పిండుకున్నారు. "నిన్ననే ఆ ముక్క మీ జేబులోంచి తొంగిచూస్తుంటే చూశాను. మీరే చెబుతారని టీ మీద టీ పోయించాను."

"చెప్పకుండానే ఉండిపోయుంటే?"

"నలుగురిలో మిమ్మల్ని నిలబెట్టడం ఎందుకు? రాత్రికి నేనే మార్చేద్దామనుకున్నాను."

అల్లుడి కళ్ళు చెమర్చాయి. ఆ మధ్యాహ్నం కొత్త ముక్క తెచ్చి, దాన్ని లాగకుండా, బుజ్జగిస్తూ, ఒక్కొక్క వేలెడూ నొక్కి కూర్చాడు. ఈసారి గోరంత కూడా మిగల్లేదు. మర్నాడు పొద్దున వేలు దూర్చి చూశాడు. దూరలేదు.

ఆ రోజే అత్తగారు తన కుడివైపు సీట్లో తను ఎక్కారు. విమానం పైకి లేచిన కాసేపటికే వాన అందుకుంది. అల్లుడు మైదానం మధ్యలో నిలబడి, ఆ బుల్లి చుక్క మీదనుంచి కళ్ళు తిప్పకుండా, అది దిగేదాకా కదల్లేదు. తలుపు తీసుకుని అత్తగారు దిగారు. చెదరని జుట్టు తడుముకుని చూపించి, "పొడి!" అన్నారు. అంతలో అల్లుణ్ణి చూసి కంగారుపడ్డారు. చేతిలో గొడుగు మూసింది మూసినట్టే ఉంది. మనిషి నిలువునా కారిపోతున్నాడు.

"అయ్యో, ఏమిటి బాబూ ఇది?"

"తప్పు నాదే అత్తయ్యగారూ," అన్నాడు అల్లుడు. "నాకు చెమట ఎక్కువ."