మూడో చరణం దాంక ఆగినోళ్లు

నా క్రిస్మస్ పాట మొదలైన మూడో సెకనుకే రెండు వందల మంది లేచి నిలబడ్డరు! అబద్ధం కాదు వదినా, నా కండ్లతోని చూసిన. పాటకు గింత మంది లేచి నిలబడుడు మన పటాన్‌చెరు దిక్కు ఇప్పటిదాంక ఎవరికన్న అయిందా? కాలే. కాకపోతే లేచినోళ్లు చప్పట్లు కొట్టలే. కేక్ ముక్కలు చేతుల పట్టుకొని బయటికి ఉరికిండ్రు. నవ్వకుండ్రి, చాయ్ చల్లగైతది. మొదటికెళ్లి చెప్త, వినుండ్రి.

నేను పనిచేసేది అట్టపెట్టెల కంపెనీల, స్టోర్స్ నాది. పొద్దంత గమ్ము డబ్బాలు, గ్లౌజులు ఇచ్చుడు. ఆదివారం చర్చిల పాడుడు. రెండేండ్ల సంది, సామాన్ల కోసం రాసిచ్చే పాత ఇండెంట్ కాయితాల వెనకంగ పాటలు రాసుకుంట వచ్చిన, ఎనిమిదైనయి. చర్చిల కీబోర్డు వాయించే సైమన్, బీరంగూడల వాళ్ల మేడ మీది రూముల కిటికీలకు దుప్పట్లు కట్టి రికార్డు చేసిండు. అట్ల తయారైంది నా ఆల్బమ్. మాటలు నాయే, ట్యూన్లు నాయే, గొంతు నాదే. తప్పు గూడ నాదే, అది ఇప్పుడొస్తది.

మొదటి పాటకు ముంగట చర్చి గంటలు పెడ్దాం అక్కా అన్నడు సైమన్. నేను ఒప్పుకుంటనా? నేను కళాకారిణిని గద! "గంటలు అందరు పెడ్తరు తమ్మీ. మన ఏరియాల మనల్ని లేపేది గంటలా? సైరన్. మనది మన మట్టి పాట గావాలె" అన్న. కంపెనీల రెండు సైరన్లుంటయి. షిఫ్టుకు కొట్టేది సీదా ఒకటే లెక్క మోగుతది, దాంట్ల ఏం మజా లేదు. ఇంకోటి నిప్పంటుకుంటే కొట్టేది. నెలకోసారి టెస్ట్ చేస్తరు. అది ఎక్కుతది, దిగుతది, మల్ల ఎక్కుతది. దాంట్ల ఎంత ఫీలింగ్ ఉందో! టెస్ట్ ఉన్న రోజు ఫోన్ పట్టుకొని సైరన్ స్తంభం కింద నిలబడి రికార్డు చేసుకొచ్చిన. "అక్కా, ఇది జెర భయమైతాంది" అన్నడు సైమన్. "నీకు తెల్వదు, ఊకో" అన్న. ఊకున్నడు పాపం.

ఇగ పాట ఎట్ల నచ్చిందో చెప్త. వాట్సాప్‌ల అందరికి పంపిన. పాట ఐదు నిమిషాలు. పంపిన నాలుగో సెకనుకు మా చిన్నాడబిడ్డ "సూపర్ వదినా, ఏడుపొచ్చింది" అని పెట్టింది. నాలుగు సెకన్లల ఏడుపెట్లొచ్చింది తల్లీ, ఉల్లిగడ్డలు కోస్తున్నవా? మా ఆయన ప్రభాకర్‌ను పక్కన కూసోబెట్టుకొని వినిపిచ్చిన. సైరన్ అయిపోయేదాంక ఇన్నడు. "రోడ్డు మీద అంబులెన్స్ పోతున్నట్టుంది" అని టీవీ పెట్టుకున్నడు. యూట్యూబుల చూసినోళ్లు అరవై మంది దాంక ఉన్నరు. అందుల సగం నేనే.

కోపమెందుకంటరా? నా పాణమంత ఆ పాట మూడో చరణంల ఉన్నది. అందరు బిడ్డను చూడొచ్చిండ్రు, కానుకలు తెచ్చిండ్రు. గాని అంత దూరమొచ్చి, పశువుల పాకల కన్న ఆ తల్లిని "తిన్నవా అమ్మా" అని ఒక్కలన్న అడిగిండ్రా అని రాసిన. మా అమ్మ యాదికొచ్చి రాసిన. నన్ను కన్న మూడో నెలకే వెలిమెల ఊర్ల నాట్లేయ పోయింది మా అమ్మ. ఆ చరణం రాసేటప్పుడు నిజంగ ఏడ్చిన. ఒక్క మనిషి, ఒక్కటంటే ఒక్క మనిషి ఆ చరణం దాంక వింటే చాలనుకున్న. ఇంతకన్న ఏం అడగలే నేను.

కంపెనీ గ్రూపుల గూడ పెట్టిన. దండాలు, పూలు, గంటల బొమ్మలు వచ్చిపడ్డయి. హెచ్చార్ మేడం "విన్నాను సువర్ణా, వెరీ సోల్‌ఫుల్" అని పెట్టింది. సేఫ్టీ ఆఫీసర్ మురళీధర్ గారు గుంటూరాయన. స్టోర్స్ కౌంటర్ కాడికి నడిచొచ్చి మరీ చెప్పిండు. "రెండుసార్లు విన్నానమ్మా. మా ఆవిడక్కూడా వినిపించాను. ఎంత ప్రశాంతంగా ఉందో!" ప్రశాంతం అంట! నేను పొంగిపోయి, పాత హెల్మెట్ వాపస్ అడగకుండనే ఆయనకు కొత్తది ఇచ్చిన. మా స్టోర్స్‌ల అది ఎన్నడు జరగని ముచ్చట.

మా తాన ప్రతి డిసెంబర్ల క్యాంటీన్‌ల కేక్ కోస్తరు. ఈసారి మేడంకు ఒక ఆలోచనొచ్చింది. "నీ పాట పేజింగ్‌లో వేద్దాం సువర్ణా. మెషీన్ల దగ్గరున్నవాళ్లు కూడా వింటారు." పేజింగ్ అంటే సెక్యూరిటీ రూముల మైకు ఉంటది. దాంట్ల మాట్లాడితే ప్రతి షెడ్డుల, క్యాంటీన్‌ల, ఆఖరికి బాత్రూముల కాడ గూడ స్పీకర్లల వస్తది. గేటు కాడ సెక్యూరిటీ యాదయ్య అన్నకు నా ఫోనిచ్చి, "అన్నా, టీ టైంల మైకు ముంగట పెట్టి నొక్కు" అని చెప్పిన. కొత్త చీర కట్టుకొని పోయి మేడం పక్కన నిలబడ్డ. కేక్ కోసిండ్రు. "నౌ, మన సువర్ణ పాట!" అన్నది మేడం.

నొక్కిండు యాదయ్య అన్న.

సైరన్ ఎక్కింది, దిగింది, మల్ల ఎక్కింది. మురళీధర్ సార్ ప్రతి నెల మాకు నూరిపోసేది ఒక్కటే. ఈ సైరన్ మోగితే ఏమైందని అడగొద్దు, ఎంబడే గేటు కాడ అందరు జమయ్యే అసెంబ్లీ పాయింటుకు పోవాలె. అట్టలు, గమ్ము ఉన్న కంపెనీ, నిప్పంటే మాకు గుండెలు ఆగుతయి. ఇగ చూడుండ్రి! మేడం కత్తి చేతుల పట్టుకొనే ఉరికింది. అక్కౌంట్స్ ఆయన కేక్ డబ్బా గూడ తెచ్చుకున్నడు, అంత తెలివి ఆయనకే ఉంటది. సార్ అందరికన్న ముంగటున్నడు, నేనిచ్చిన కొత్త హెల్మెట్ పెట్టుకొని. నేను? నేను గూడ ఉరికిన! నా పాటకు నేనే ఉరికిన! చీర ఎత్తిపట్టుకొని, "ఏసయ్యా కాపాడు" అనుకుంట గేటు దాంక పోయినంక, పైన స్పీకర్ల నా గొంతే మొదలైంది, "బేత్లెహేములో..." అని. కాళ్లు ఆడనే ఆగిపోయినయి.

పాట ఆపేటందుకు ఎవరు లేరు. యాదయ్య అన్న ఫోను మైకు ముంగట వదిలేసి, పెద్ద గేటు తెరవ పోయిండు. డ్యూటీ అంటే డ్యూటీ.

సార్‌కు జెరసేపట్ల సంగతి సమజైంది. ముఖం ఎర్రగైంది. "పాటలో ఫైర్ సైరన్ పెట్టడమేమిటమ్మా? బుద్ధుందా?" అని అందరి ముంగట అరిచిండు. నాకు ఏడుపొచ్చింది. గాని నోరు ఊకుంటదా? "సార్, రెండుసార్లు విన్న అన్నరు గద. అప్పుడే చెప్తే తీసేద్దును" అన్న. మేడం దిక్కు చూసిన, మేడం కత్తి దిక్కు చూసుకుంటున్నది. దండాలు పెట్టినోళ్లంత చెప్పుల దిక్కు చూసుకుంటుండ్రు. రెండు వందల మందిల ఒక్కలు, ఒక్క పది సెకన్లు విని ఉంటే ఈ కథే లేదు.

సార్ తప్పిచ్చుకొని తలకాయలు లెక్కవెట్టుడు మొదలువెట్టిండు. ఒక్కలు తక్కువొచ్చిండ్రు. మల్ల లెక్కవెట్టిండు, మల్ల అంతే. అట్టకు ముడతలు పెట్టే కార్రుగేషన్ మెషీన్ మీద పనిచేసే బిసోయి లేడు. ఒడిశాయన, నిమ్మళమైన మనిషి. సార్ లోపటికి నడిచిండు, నేను గూడ ఎంటపడ్డ. భయంతోని కాదు, నిజం చెప్తున్న, ఆశతోని. అందరు ఉరికినా ఒక్క మనిషి ఆగిండు గద! నా పాట కోసమే ఆగిండేమో!

షెడ్డు మొత్తం ఖాళీ. మెషీన్ నడుస్తనే ఉన్నది. స్పీకర్ల అప్పుడే మూడో చరణం మొదలైంది. "తిన్నవా అమ్మా అని అడిగినవారెవ్వరు..." ఆ మెషీన్ ముంగట బిసోయి నిలబడి మెల్లగ తల ఊపుతుండు. నా కండ్లల్ల నీళ్లొచ్చినయి వదినా. సార్ ముంగట అని గూడ చూడలే, పోయి భుజం తట్టిన. "భయ్యా, గానా అచ్ఛా లగా?" అన్న, పాట నచ్చిందా అని.

బిసోయి ఉలిక్కిపడి, ఒక చెవుల నుంచి ఇయర్‌ప్లగ్ తీసిండు. రెండో చెవుల నుంచి ఇంకోటి తీసిండు. "క్యా హువా మేడం? టీ టైమ్ హో గయా క్యా?" అన్నడు. టీ టైం అయిందా అంట!

తల ఊపింది మెషీన్ అదురుకు. ఆ ఇయర్‌ప్లగ్గులు ఇచ్చింది స్టోర్స్. మంచి కంపెనీవి, ఏం వినపడదు భయ్యా అని గ్యారంటీ గూడ ఇచ్చి ఇచ్చిన, నేనే.

తెల్లారి మేడం మెమో రాసింది. నాకు కాదు. నాకియ్యాలంటే సంతకం పెట్టెటోళ్లు పాట వినలేదని ఒప్పుకోవాలె గద! మెమో బిసోయికి. "పేజింగ్ ద్వారా వినిపించిన దానిని మీరు ఎందుకు వినలేదో రెండు రోజులలో రాతపూర్వకంగా తెలుపగలరు" అని. నా మనసు మండింది. విననోళ్లు రెండు వందల మంది, మెమో ఆయనొక్కనికేనా? సీదా మేడం రూముకు పోయిన. "మేడం, విననందుకు మెమో అయితే మొదలు మీకు, తర్వాత సార్‌కు, ఆ తర్వాత బిసోయికి ఇయ్యాలె" అన్న. మేడం మెమో నా చేతుల పెట్టింది, చింపేయమని.

చింపుతనా? ఇంటికి తెచ్చి ఫ్రేము కట్టిపిచ్చిన. అగో, టీవీ పైన గోడకున్నది, చూడుండ్రి. నా పాట విననందుకు ఒక మనిషికొచ్చిన మెమో అది. ఇంత గౌరవం ఏ ఆల్బమ్‌కన్న దక్కిందా? ఇంటికొచ్చినోళ్లంత దాని ముంగట నిలబడి మొదటికెళ్లి చివరి అక్షరం దాంక చదువుతుండ్రు. ఇన్నేండ్లకు నాకు గూడ ఒక హిట్టొచ్చింది వదినా, అది గూడ మేడం రాసింది!